మార్చి దాటేదాకా పెళ్ళొద్దు

ఉప్పల్ చౌరస్తాలో బస్సు దిగేసరికి వాన దంచికొడుతోంది. విక్టోరియా గొడుగు తెరిచింది. అది ఒక్కసారి వెనక్కి విరుచుకుపడి, పువ్వులా విచ్చుకుని, మళ్ళీ మూసుకోనని మొండికేసింది.

ఆ గొడుగుతోనే టైర్ల దుకాణం పక్కనున్న ఇరుకు మెట్లెక్కింది. పైన చెక్క బోర్డు: "పరంధామయ్య, చార్టర్డ్ అకౌంటెంట్."

బ్యాంకు మేనేజరు చెప్పిన పేరు అదే. ఆ పేరు విన్నప్పటి నుంచి ఆమె మనసులో ఒక ముసలాయన స్థిరపడిపోయాడు. బట్టతల, ముక్కు చివర కళ్ళద్దాలు, మాట మధ్యలో ఓ చిటికెడు నస్యం.

లోపల ముసలాయన లేడు. ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచిన ఒక కుర్రాడు, కప్పు కారుతున్న చోట బకెట్ పెట్టి, అది సరిగ్గా చుక్క కింద ఉందో లేదోనని తల వంచి చూస్తున్నాడు.

"సారున్నరా?"

"ఉన్నారండీ. కూర్చోండి."

"జర జల్ది పిలువు. నాకు ఫ్యాక్టరీకి పోవాలె. గీ గొడుగు ఆ మూలకు పెట్టు, ఫైళ్ళ మీద నీళ్ళు పడ్తయ్."

కుర్రాడు గొడుగు అందుకున్నాడు. మూసేందుకు ప్రయత్నించి, ఓడిపోయి, అలాగే మూలన నిలబెట్టాడు.

"ఏం పని మీద వచ్చారో చెబితే..."

"ఏం చెప్పాలె! నాచారంల మాకు రబ్బర్ కంపెనీ ఉంది. ప్రెషర్ కుక్కర్లకు గాస్కెట్లు చేస్తం. పాత ఆడిటర్ రిటైరైండు. ఏడాదికోసారి వచ్చేటోడు, చాయ్ తాగేటోడు, గింత టాక్స్ కట్టున్రి అని చెప్పి పోయేటోడు. లాభంల సగం దానికే పోతుంది. మా నాయన కిక్కురుమనకుంట కడ్తడు. కట్టుడు తప్పు గాదు. కానీ ఏం చేస్తే ఎంత పడ్తదో, ఎప్పుడు ఏం కొనాలెనో ముందుగాల చెప్పేటోడు ఉండాలె గదా. అంత అయిపోయినంక పీనిగను కోసి చూసేటోడు మాకొద్దు. మీ సారు గట్లాంటోడే అయితే ఇప్పుడే చెప్పు, నేను పోత."

కుర్రాడు నవ్వు ఆపుకుంటున్నట్టు ఆమెకు అనుమానమొచ్చింది.

"మా సారు మరీ అంత చెడ్డవాడు కాదండీ."

"బాగ ముసలాయననా?"

"పేరుకైతే డెబ్బై దాటుంటాయి. తాతగారి పేరు. మనిషికి మాత్రం ఇరవై తొమ్మిదే." మడిచిన ప్యాంటు దించుకుని, టేబుల్ వెనక్కి వెళ్ళి కుర్చీలో కూర్చున్నాడు. "చెప్పండి. నేనే పరంధామయ్యని."

విక్టోరియా చెవులు ఎర్రబడ్డాయి.

"ముందుగాలనే చెప్పొచ్చు గదా! మస్తు ఆటాడిన్రు నాతోని."

"మీరు సందిస్తేగా అండీ!"

లేచి వెళ్ళిపోదామనుకుంది. కానీ గొడుగు అతని వైపు మూలలో ఉంది. పైగా అతను అప్పటికే తెల్లకాగితం ముందుకు లాక్కుని, "మీ కంపెనీలో ఏ మెషీన్ పాతబడింది? కొత్తది కొనే ఆలోచన ఉందా?" అని అడిగాడు. పాత ఆడిటర్ ఇన్నేళ్ళలో ఒక్కసారీ అడగని ప్రశ్న అది.

ఆమె మళ్ళీ కూర్చుంది.

*

ఆ మరుసటి వారం పరంధామయ్య స్కూటర్ మీద నాచారం వచ్చాడు.

విక్టోరియా తండ్రి జ్ఞానయ్య ఒకప్పుడు పెద్ద ఫ్యాక్టరీలో ఫిట్టరు. రబ్బరును అచ్చులో ఒత్తే ఒక చేతి ప్రెస్సుతో మొదలుపెట్టి, షెడ్డు వేసుకుని, బ్యాంకు వాళ్ళ మాట మీద దాన్ని ప్రైవేట్ లిమిటెడ్ చేశాడు. తనూ, భార్య దానమ్మా డైరెక్టర్లు. గేటు దగ్గర నల్ల బోర్డు మీద తన పేరు పక్కన ఆ రెండు ఇంగ్లీషు ముక్కలు చూసుకుని ఇప్పటికీ మురిసిపోతాడు.

"నెలకెంత తీసుకుంటారండీ మీరు, కంపెనీ నుంచి?" అడిగాడు పరంధామయ్య.

"కావాల్సినప్పుడు తీసుకుంట సారూ. అక్కరలేకుంటే లేదు. నా కంపెనీయే గదా!"

"చిక్కంతా అక్కడే ఉంది. చట్టం దృష్టిలో కంపెనీ మీరు కాదు. అది వేరే మనిషి. దాని జేబు వేరు, మీ జేబు వేరు."

"నేను కన్న బిడ్డ సారూ అది!"

"కన్నబిడ్డే. కానీ పెద్దదైపోయింది కదా. ఇంక అడక్కుండా దాని జేబులో చెయ్యి పెట్టకూడదు."

గాస్కెట్ల అంచున మిగిలిన రబ్బరును కత్తెరతో తీస్తున్న పాపమ్మ కిసుక్కున నవ్వింది. జ్ఞానయ్యకు కోపం రాబోయి, దారి మధ్యలో నవ్వుగా మారింది.

"అయితే ఏం జెయ్యాలె?"

"పొద్దుట్నుంచీ రాత్రి దాకా పనిచేస్తున్నారు. దానికి జీతం తీసుకోండి. అది కంపెనీకి ఖర్చు. ఆ మేరకు లాభం తగ్గుతుంది, పన్నూ తగ్గుతుంది. మీ జీతం మీద మీకు పడే పన్ను అంతకంటే చాలా తక్కువ. ఇందులో దాచేదేం లేదు, ఎగ్గొట్టేదీ లేదు."

"గట్లయితే సరే. దొంగలెక్క మాత్రం నాతోని గాదు. ప్రభువు సూస్తుంటడు."

"పన్ను ఆఫీసరూ చూస్తుంటాడండీ. ఇద్దరికీ భయపడదాం."

తర్వాత షెడ్డంతా తిరిగాడు. రబ్బరు ఎవరు కొంటున్నారని అడిగాడు. విక్టోరియా. ఆర్డర్లు తెచ్చేది? విక్టోరియా. అచ్చు నుంచి వచ్చిన సరుకు చూసి బాగున్నదీ లేనిదీ తేల్చేది? అదీ ఆమే. లారీ వాడితో పోట్లాడేది కూడా విక్టోరియానేనని పాపమ్మ అడక్కుండానే చెప్పింది.

"మరి ఈవిడ జీతం?"

ప్రెస్సు ఒక్కటే బుస్సుమంది.

"ఇంటి బిడ్డకు జీతమేంది సారూ?" అన్నాడు జ్ఞానయ్య. "రేపు పెండ్లయి పొయ్యేది."

"రేపటి సంగతి రేపు. ఇవాళ ఈవిడ రాకపోతే షెడ్డు నడుస్తుందా?"

జ్ఞానయ్య ప్రెస్సు వైపు చూశాడు, గోడకు ఆనించిన రబ్బరు చుట్టల వైపు చూశాడు, చివరికి కూతురి వైపు చూశాడు.

"నడువది," అన్నాడు మెల్లగా.

"అయితే చేసిన పనికి తగినంత ఇవ్వండి. అంతే, ఎక్కువొద్దు. చెయ్యని పనికి రాయమంటే నేను సంతకం పెట్టను."

విక్టోరియా బయటికి వెళ్ళి, నల్లా తిప్పి, మురికి లేని చేతులు చాలాసేపు కడుక్కుంది. బీకాం పాసైన నాటి నుంచీ ఆమె నోటిదాకా వచ్చి ఆగిపోతున్న మాట అది. అతను దాన్ని మామూలు పన్ను సంగతిలా అనేసి, ఇప్పుడు తీరిగ్గా లోపల చాయ్ తాగుతున్నాడు.

*

కొత్త హైడ్రాలిక్ ప్రెస్సు కొనాలని తేల్చారు. కోయంబత్తూరులో ఆర్డరిచ్చారు.

"సెప్టెంబరు దాటకుండా అది పని మొదలెట్టాలి," అన్నాడు పరంధామయ్య. "అప్పుడు ఏడాది మొత్తానికీ మెషీన్ అరుగుదలని తరుగు కింద లాభంలోంచి తీసేసుకోవచ్చు. ఆలస్యమైతే ఈ ఏడాదికి సగమే."

"బిల్లు వస్తే సాలదా సారూ?" జ్ఞానయ్య అడిగాడు.

"చాలదు. మెషీన్ రావాలి, నిలబడాలి, తిరగాలి."

అంతా అనుకున్నట్టే జరిగింది, హబ్సిగూడ దాకా. అక్కడి నుంచి నాచారం తిరిగే దారిలో, సెప్టెంబరు వానకి మడుగైపోయిన చోట లారీ వెనక చక్రం దిగబడింది. విక్టోరియా తన లూనా మోపెడ్ మీద వెళ్ళేసరికి, టార్పాలిన్ కింద ప్రెస్సు ఒక పక్కకి ఒరిగి, కోపమొచ్చిన ఏనుగులా ఉంది. డ్రైవరు తమిళంలో ఎవరినో తిడుతున్నాడు.

ఆమె టెలిఫోన్ బూత్ నుంచి ఇంటికి చేసింది. తర్వాత, ఎందుకో తనకే తెలియకుండా, ఉప్పల్ ఆఫీసుకీ చేసింది.

పరంధామయ్య తడిసి ముద్దయి వచ్చాడు.

"మీరెందుకొచ్చిన్రు? గీడ ఆడిటింగ్ ఏముంది?"

"మీరే కదండీ ఫోన్ చేశారు?"

"చెప్పిన. రమ్మన్ననా?"

"రావద్దని కూడా అనలేదుగా."

క్రేన్ కోసం జ్ఞానయ్య మల్లాపూర్ వెళ్ళాడు. అది వచ్చేదాకా వాళ్ళిద్దరూ రోడ్డు పక్క ఇరానీ హోటల్లో కూర్చున్నారు. బయట వాన. లోపల ఉస్మానియా బిస్కెట్ల వాసన. అతని జుట్టులోంచి నీటి చుక్క ఒకటి జారి సరిగ్గా చాయ్‌లో పడింది. విక్టోరియా నవ్వింది. అతనూ నవ్వి, ఆ చాయే తాగేశాడు.

"ఒకటడగాలె," అందామె. "నా జీతం సంగతి. టాక్స్ తగ్గాల్నని మాత్రమే చెప్పలేదు మీరు. అవునా?"

అతను కప్పును సాసర్లో ఒక చుట్టు తిప్పాడు.

"మాది తెనాలి. నాన్న పోయాక రైసు మిల్లుకి పేరు బాబాయిది, పని అమ్మది. ధాన్యం కొనడం, కూలీలు, కరెంటు వాళ్ళతో తగాదాలు, అన్నీ అమ్మే. నా చదువుకి డబ్బు కావాల్సి వచ్చినప్పుడల్లా బాబాయి ముందు నిలబడి అడిగేది. ఆయన చెడ్డవాడు కాదు, ఎప్పుడూ ఇచ్చేవాడు. కానీ అమ్మ అడగడం నేను గుమ్మంలోంచి చూసేవాణ్ణి."

విక్టోరియా తన బిస్కెట్ అతని సాసర్లో పెట్టింది.

సాయంత్రానికి క్రేన్ లారీని లేపింది. జనం చప్పట్లు కొట్టారు. పునాది, బోల్టులు, కరెంటు కనెక్షను కోసం తిరగడాలు అయ్యి, సెప్టెంబరు ఆఖరి వారంలో ప్రెస్సు నిలబడింది. జ్ఞానయ్య దాని మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేస్తుంటే, పరంధామయ్య చెప్పులు విడిచి తలవంచి నిలుచున్నాడు. మొదటి గాస్కెట్ పొగలు కక్కుతూ వచ్చింది. చల్లారాక విక్టోరియా దాన్ని వెలుతురుకి పెట్టి చూసి, అతనికిచ్చింది.

"మీ ఇంట్ల కుక్కర్ ఉందా?"

"ఉంది. కానీ విజిల్ వెయ్యదు."

"గిది పెట్టున్రి. ఉప్పల్ అంత వినబడ్తది."

"మరి బిల్లు?"

"సాంపుల్ సారూ!"

"సాంపుల్ అని రాసుకోవాలి మరి."

"మీతోని ఎట్ల ఏగాలె!" అంది. అని, ఆ మాట కొంచెం ఎక్కువ మెత్తగా వచ్చిందని తనే గమనించి, పాపమ్మ వైపు తిరిగింది. పాపమ్మ కత్తెర ఆపి ఇటే చూస్తోంది.

*

అప్పటి నుంచి అతనికి నాచారంలో పని ఎక్కువైంది. ముందస్తు పన్ను విడతలుగా కట్టించాలని ఒకసారి, కూలీల పీఎఫ్ గడువు లోపల పడిందో లేదోనని ఇంకోసారి. ఒకరోజు ఏ కారణమూ దొరక్క, "ఇటు వెళ్తూ ఆగాను" అన్నాడు. నాచారం అవతల అతనికి వెళ్ళాల్సిన చోటేదీ లేదని ఆమెకు తెలుసు. ఇస్త్రీ చొక్కాలు మొదలయ్యాయని కూడా చూసింది.

కానీ మాట ఎప్పుడూ తరుగు దగ్గర మొదలై, వడ్డీ దగ్గర ఆగిపోయేది.

జనవరిలో దానమ్మ ఒక సంబంధం తెచ్చింది. అంబర్‌పేట్ వాళ్ళు. అబ్బాయి పీటర్, బ్యాంకులో క్లర్కు. నెమ్మదస్తుడు. చర్చిలో కీబోర్డు వాయిస్తాడు. జ్ఞానయ్యకు నచ్చింది. కొత్త ప్రెస్సు పుణ్యమా అని కంపెనీ చేతిలో నాలుగు రాళ్ళున్నాయి. ఫిబ్రవరిలో పెళ్ళి చేసేద్దామని, ఖర్చుకి కంపెనీ నుంచి అప్పు తీసుకునే సంగతి మాట్లాడదామని ఉప్పల్ వెళ్ళాడు.

తిరిగొచ్చి, చెప్పులు విడవకుండానే అరుగు మీద కూలబడ్డాడు.

"సారు మార్చి దాటేదాక పెండ్లొద్దంటుండు."

దానమ్మ వంటింట్లోంచి గరిటెతో సహా వచ్చింది. "మన బిడ్డ పెండ్లి ఆపెటానికి గాయనెవరు? ఆడిటరా, పాస్టరా?"

విక్టోరియా అప్పటికే లూనా వైపు నడుస్తోంది. ఎందుకన్నాడు అలా? వేరే కారణమేదైనా... చెప్పలేక ఇలా...

లూనా ఉప్పల్ ఎలా చేరిందో ఆమెకు తెలియదు.

"నా పెండ్లి ఎప్పుడు కావాల్నో మీరు చెప్తున్నరంట!"

పరంధామయ్య లేచి నిలబడ్డాడు. ముఖం పాలిపోయింది.

"పెళ్ళి గురించి కాదండీ. డబ్బు గురించి చెప్పాను. కంపెనీ మీ నాన్నగారికి అప్పిచ్చినా, చట్టం దాన్ని అప్పు అనదు. లాభం పంచుకున్నారంటుంది. అప్పుడాయన దాని మీద మళ్ళీ పన్ను కట్టుకోవాలి. మార్చి దాటి లెక్కలు ముగిస్తే ఆయనకు బోనస్ రాయొచ్చు. జీతం కూడా పోగవుతోంది. అప్పుడైతే సొంత డబ్బుతోనే..."

"అప్పుడైతే చేసుకోవచ్చు."

"చేసుకో... వచ్చు."

"మీకింకేం అభ్యంతరం లేదు."

అతను టేబుల్ మీది పెన్సిల్‌ని కాగితాల అంచుకి సమంగా పెట్టాడు. మళ్ళీ తీసి మళ్ళీ పెట్టాడు.

"ఆడిటర్‌గా... లేదండీ."

"మంచిది. అంబర్‌పేట్ వాళ్ళకు గదే చెప్త."

మెట్లు దిగి లూనా స్టార్ట్ చేయబోయింది. అవలేదు. పైన కిటికీ తెరుచుకున్న చప్పుడైంది. తలెత్తకుండా ఎక్కి, ఉప్పల్ చౌరస్తా అంతా చూస్తుండగా, సైకిల్ తొక్కినట్టు పెడళ్ళు తొక్కుకుంటూ వెళ్ళిపోయింది. హబ్సిగూడ దాకా ఏడుపు రాలేదు. అక్కడ ఇంజను దానంతటదే అందుకునేసరికి వచ్చింది.

*

ఆ తర్వాతి రోజుల్లో అతను రాలేదు. ఫోనూ లేదు.

ఒక మధ్యాహ్నం స్కూటర్ ఆగిన చప్పుడైంది. పరంధామయ్య వెంట పంచె, కోటు వేసుకున్న పెద్దాయన ఒకరు దిగారు. బట్టతల, ముక్కు చివర కళ్ళద్దాలు.

"వీరు జనార్ధనరావు గారు. ఆబిడ్స్‌లో వీరి దగ్గరే నేను పని నేర్చుకున్నాను," అన్నాడు పరంధామయ్య, జ్ఞానయ్యతో. "ఇక నుంచి మీ ఆడిట్ వీరు చూస్తారు. నేను మానుకుంటున్నాను."

"మానుకునుడేంది సారూ? మాదేమన్న తప్పయిందా?"

"మీ తప్పేం లేదు."

విక్టోరియా చేతిలోని గాస్కెట్లు బల్ల మీద పడేసి బయటికి నడిచింది. అతను వెనకే వచ్చాడు. నల్లా దగ్గర ఆమె గిరుక్కున తిరిగింది.

"పారిపోతున్నవా?"

ఆ "నువ్వు"కి ఇద్దరూ ఒక క్షణం ఉలిక్కిపడ్డారు.

"లేదు. రావడానికి దారి చూసుకుంటున్నా."

"అర్థమయ్యేటట్టు చెప్పు."

"కంపెనీ లెక్కలు చూసేవాడు ఆ ఇంటి మనిషి కాకూడదు. అది పద్ధతి కాదు."

"నువ్వు మా ఇంటి మనిషివి గాదు గదా?"

"అవుదామనే. అందుకని ముందు ఆడిట్ వదులుకున్నా."

లోపల ప్రెస్సు బుస్సుమంది. ఆమెకు అర్థం కావడానికి, ఆ ఆవిరి సద్దుమణిగేంత సేపు పట్టింది.

"మీ నాన్నగారికి ఆ రోజు చెప్పింది సరైన సలహానే," అతను గబగబా అంటున్నాడు. "కానీ చెబుతున్నప్పుడు నాకెంత సంతోషమేసిందో తెలుసా? ఒక సెక్షన్ చూసి అంత సంబరపడిన ఆడిటర్ ఈ దేశంలో ఇంకోడు ఉండడు. ఇంటికెళ్ళాక భయమేసింది. అది కంపెనీ కోసం చెప్పానా, నా కోసం చెప్పానా? తెల్లారగానే జనార్ధనరావు గారి దగ్గరికి పరిగెత్తి, ఈ సలహా కరెక్టేనా అని అడిగాను. కరెక్టే అన్నారు. మళ్ళీ అడిగాను. మళ్ళీ అన్నారు. ఇంకోసారి అడిగేసరికి, 'అబ్బాయీ, నువ్వడిగేది సెక్షన్ గురించేనా?' అన్నారు."

విక్టోరియా పెదవి బిగబట్టింది. నవ్వు వస్తే ఏడుపూ వచ్చేలా ఉంది.

"అభ్యంతరం లేదన్నవు గదా ఆ దినం."

"అప్పుడు ఆడిటర్ని. ఇప్పుడు కాదు. ఇప్పుడు మస్తు అభ్యంతరం ఉంది."

తెనాలి మనిషి నోట 'మస్తు' అంత బాగుంటుందని ఆమెకు అంతవరకూ తెలియదు.

"అంబర్‌పేట్ వాళ్ళకు నేను ఆ రాత్రే వద్దని చెప్పించిన," అంది నేల చూస్తూ. "పెండ్లయినంక ఫ్యాక్టరీకి పోవద్దన్నడంట ఆ పీటర్."

"అదొక్కటేనా కారణం?"

"అన్ని కారణాలు నీకు ముందుగాల చెప్పాల్నా? ఆడిటర్‌వి గాదు గదా ఇప్పుడు!"

*

జ్ఞానయ్య అంత తేలిగ్గా ఒప్పుకోలేదు. పిల్లవాడి మీద అతనికి ఏ అనుమానమూ లేదు. కానీ రేపు పుట్టే పిల్లలకు ఏ పేరు పెడతారు, ఏ పండగ చేస్తారు, చర్చిలో ఎవరేమంటారు? "జర ప్రార్థన చేసుకొని చెప్త," అన్నాడు. దానమ్మ ఎవరితోనూ మాట్లాడకుండా రెండు పూటలు వంట చేసింది.

పరంధామయ్య ఒక ఆదివారం వచ్చి వాళ్ళ ముందు కూర్చున్నాడు.

"నేను మారతానని చెప్పి మిమ్మల్ని మోసం చెయ్యను. ఆమెను మారమనీ అడగను. ఆమె చర్చికి వెళ్తుంది, పిలిస్తే నేనొచ్చి వెనక కూర్చుంటాను. పెళ్ళి రిజిస్టర్ ఆఫీసులో చేసుకుంటాం. తర్వాత మీరు దీవించండి, మా అమ్మా దీవిస్తుంది."

"మీ అమ్మ ఒప్పుకున్నదా?" దానమ్మ అడిగింది. ఆ సంగతి మీద ఆమె నోరు విప్పడం అదే మొదలు.

"మిమ్మల్ని చూడాలంటోంది."

మార్చి నెలలో పరంధామయ్య తల్లి అన్నపూర్ణమ్మ తెనాలి నుంచి రైల్లో వచ్చింది. ముతక నేత చీర, చేతిలో సంచీ, సంచీలో సున్నుండలు. ఆమె కోసం దానమ్మ కొత్త గిన్నెలు కొని, పప్పూ వంకాయ కూరా వండింది. వండిందే గానీ, ఆవిడ తమ ఇంట్లో తింటుందో లేదోనని పొద్దుట్నుంచీ ఆమెకు గుబులే.

అన్నపూర్ణమ్మ ఇంట్లోకి కాక, తిన్నగా షెడ్డులోకి వెళ్ళింది. కొత్త ప్రెస్సు చుట్టూ తిరిగింది. ఎన్ని గుర్రాల మోటారని అడిగింది. కరెంటు పోతే అచ్చులో ఉన్న సరుకేమవుతుందని అడిగింది. విక్టోరియా చెబుతుంటే, మిల్లులో మనిషిలా తలూపుతూ వింది.

"పెళ్ళయ్యాక ఇది మానేస్తావా?"

"మానను అత్తమ్మా."

"మానకూడదు." ఆ తర్వాత గొంతు తగ్గించింది. "వాడికి ఇల్లు ఊడవడం, అన్నం వండడం నేర్పించే పంపాను. మొహమాటపడకు."

ఇంట్లో అందరూ కూర్చున్నాక, దానమ్మ ఇక దాచుకోలేక అనేసింది. "వదినా, ముందుగాలనే చెప్తున్న. మా బిడ్డ బొట్టు పెట్టుకోదు. రేపు మీ వాళ్ళల్ల మీకు మాట వస్తది."

అన్నపూర్ణమ్మ తన నుదుటి మీద వేలు ఆనించి చూపించింది.

"నాకూ లేదుగా వదినా. ఇన్నేళ్ళూ బతకలేదా?"

దానమ్మ లేచి వచ్చి, ఆవిడ పక్కనే చాప మీద కూర్చుని, ఆ చెయ్యి తన ఒళ్ళోకి తీసుకుంది. చాలాసేపు వదల్లేదు. జ్ఞానయ్య తువ్వాలుతో ముఖమంతా తుడుచుకున్నాడు. తుడుచుకున్నది చెమట కాదని అందరికీ తెలుసు.

"నా ప్రార్థనకు జవాబు గిట్ల వస్తదనుకోలేదు," అన్నాడు. "పెండ్లి ఏప్రిల్‌ల పెట్టుకుందాం."

ఖర్చు మాటొచ్చింది. పెళ్ళికి కావాల్సింది తన జీతంలోంచే పెట్టుకుంటానని విక్టోరియా అంది. జ్ఞానయ్య అడ్డు చెప్పబోయాడు. కూతురి ముఖం చూసి ఆగాడు. "సగం," అన్నాడు. "సగం నాది. నా జీతం మీద నాకు హక్కు లేదా?"

అన్నం వడ్డించారు. జ్ఞానయ్య కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టాడు. వచ్చిన చుట్టాల కోసం, నిలబడిన మెషీన్ కోసం, తెనాలి మిల్లు కోసం, క్రేన్ తోలిన మనిషి కోసం, ఆఖరికి ఆదాయపు పన్ను ఆఫీసు వాళ్ళ ఆరోగ్యం కోసం కూడా ప్రార్థించాడు. పప్పు చల్లారిపోతోంది. అన్నపూర్ణమ్మ చేతులు జోడించుకుని ఓపికగా కూర్చుంది. అటు పక్క పరంధామయ్య ఒక కన్ను తెరిచాడు. ఇటు పక్క విక్టోరియా కన్ను అప్పటికే తెరిచి ఉంది. ఇద్దరూ దొరికిపోయినట్టు ఒకేసారి కళ్ళు మూసుకున్నారు.

"ఆమెన్," అన్నాడు జ్ఞానయ్య.

"ఆమెన్," అన్నారు దానమ్మా, విక్టోరియా.

అందరూ తన వైపే చూస్తున్నారని అన్నపూర్ణమ్మకు అర్థమైంది.

"శుభం!" అంది గట్టిగా.

దానమ్మ నవ్వు ఆపుకోలేక నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆ కొంగు జారిపోయేంతగా నవ్వి, వేడి అన్నం మొదటి గరిటె వియ్యపురాలి కంచంలో వేసింది.